లోపలి గొళ్లెం

హైమ మేడం మాకు విషయం అర్థమయ్యేట్టు చెప్పడానికి ఆ రోజు నానా తంటాలు పడింది. తెల్లబోర్డు మీద రెండు డబ్బాలు గీసింది. పెద్ద డబ్బా అన్నీ ఆలోచిస్తుంది, ఎన్నో పనులు చూసుకుంటుంది, కాబట్టి ఏ పనికైనా కాస్త ఆలస్యం చేస్తుంది. చిన్న డబ్బాకి లోకజ్ఞానం లేదు. కానీ చెప్పిన పని రెప్ప వేసేలోపు చేస్తుంది, ఎన్నడూ ఆలస్యం చెయ్యదు. ఈ రెండింటి మధ్య ఆవిడ ఇంకో గడి గీసి, "ఇది ఉమ్మడి మెమరీ. ఇద్దరూ ఇందులోనే రాస్తారు, ఇందులోంచే చదువుకుంటారు" అంది. కంప్యూటర్లలో ఈ పద్ధతి పాతదేనట. మనుషుల తలల్లో పెట్టడమే కొత్త.

నేను పడవ ఇంజన్లు బాగుచేసేవాణ్ని. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. నా భార్య రత్నం, ఆమె తమ్ముడు దానేసు మాత్రం బుద్ధిగా తలలూపుతున్నారు. బళ్లో కూడా ఇద్దరూ అలాగే ఊపేవారని, ఇంటికొచ్చి అడిగితే ఒక్క ముక్క వచ్చేది కాదని మా అత్త పోలమ్మ అంటుంది. ఆ రోజు ఆవిడ కూడా వచ్చింది. పిల్లల తలలకి చిల్లు పెడతామంటే తల్లికి చెప్పకుండా ఎలా పెడతారని చేపల గంప గుమ్మం బయట దించి, చల్లటి గదిలో కొంగు కప్పుకుని కూచుంది.

"ఇద్దరూ ఒక్కసారే రాసీసినారనుకో, అప్పుడేటి?" అని అడిగింది.

"దానికి గొళ్లెం ఉంటుందమ్మా. ఒకరు రాస్తున్నప్పుడు లోపల గొళ్లెం వేసుకుంటారు. రాయడం అయ్యాక తీస్తారు. అప్పటిదాకా రెండోవాళ్లు బయట ఆగాలి."

"అంటే మా వాడలో నీళ్లగది లాగన్నమాట."

మా వాడలో ఒక వరస ఇళ్లన్నిటికీ కలిపి ఒకటే స్నానాల గది. అందరం నవ్వాం. హైమ మేడం కూడా నవ్వి, సరిగ్గా అదేనంది.

"మరి లోపలికెల్లినోడు గొళ్లెమేసుకుని సచ్చిపోతే?"

"అత్తా" అన్నాను నేను, అపశకునపు మాటలు వద్దన్నట్టు.

హైమ మేడం నొచ్చుకోలేదు. "దానికీ ఉపాయం ఉందమ్మా. కాపలా గడియారం అంటాం. లోపలివాళ్లు మరీ ఎక్కువసేపు ఉండిపోతే, ఆ గడియారమే గొళ్లెం తీసేస్తుంది" అంది.

మా అత్త తృప్తిపడి, గంప ఎత్తుకుని మధ్యాహ్నం బేరానికి వెళ్లిపోయింది. ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు.

హైమ మేడం పనిచేసే పరిశోధన కేంద్రం భీమిలి దారిలో కొండ మీద ఉండేది. సముద్రం అడుగున వేసిన గొట్టాలకి చిల్లు పడితే దిగి బాగుచెయ్యాలి. పంపిన యంత్రాలన్నీ ఆ బురదలో గుడ్డివైపోయి చతికిలబడ్డాయి. మనిషి దిగితే ఇంకో గొడవ. అంత లోతున పీల్చే గాలే మత్తెక్కిస్తుంది. చేతులు బాగానే ఆడతాయి గానీ బుర్ర పనిచెయ్యదు, ఏ మర ఎటు తిప్పాలో తోచదు. అందుకని ఆలోచన పడవ మీది మనిషిది, చేతిపని అడుగునున్న మనిషిది. పైన ఉండేది పెద్ద డబ్బా, కింద ఉండేది చిన్న డబ్బా.

"ఫోనులో చెబితే పోదా?" అని నేనడిగాను. మత్తులో ఉన్నవాడికి మాట బుర్రకెక్కదట. కానీ చిన్ననాటి జ్ఞాపకం ఎక్కుతుంది. ఎంత తాగినవాడైనా తల్లి గొంతు వింటే ఆగుతాడు కదా. అందుకని ఆ ఉమ్మడి గదిని అంకెలతో కాకుండా ఇద్దరికీ తెలిసిన జ్ఞాపకాలతోనే కట్టారు. గది ఉండేది పైనున్న మనిషి తలలో, ఎందుకంటే కిందవాడి తల మత్తులో ఉంటుంది. తాళం ఇద్దరి దగ్గరా ఉంటుంది. ఏడాది తేడాతో పుట్టి, ఒకే కంచంలో తిని, ఒకే చాప మీద పడుకుని పెరిగిన అక్కాతమ్ముళ్ల కంటే ఇందుకు ఎవరు పనికొస్తారు?

చెవి వెనక చిన్న కోత కోసి ఇద్దరికీ బిళ్లలు పెట్టారు. తరవాత కొన్ని నెలలపాటు వాళ్ల ఉద్యోగం కబుర్లు చెప్పుకోవడమే. చల్లటి గదిలో ఎదురెదురుగా కూచుని చిన్నతనం తవ్వుకునేవారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు సరిదిద్దేవారు, ఇద్దరిదీ కలిసిన చోట యంత్రం పట్టుకునేది. 'ఎడమ' అంటే వాళ్ల అమ్మమ్మ ఇంటి పక్క కుక్కని కట్టే వైపు. 'గట్టిగా బిగించు' అంటే బడి సంచీ తాడు తెగిన రోజు వాళ్ల నాన్న వేసిన ముడి. 'ఆగు' అంటే పోలమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడటం.

ముఖ్యమైనవి రెండున్నాయి. 'పైకి లాగు' అనడానికి, చిన్నప్పుడు ఇద్దరూ పడవ తాడు లాక్కుంటూ పరుగెత్తి ఉప్పుటేరులో పడిపోతే అమ్మమ్మ తాడు విసిరి లాగిన రోజు. 'తాడు ఒగ్గీ', అంటే తాడు వదిలెయ్, అనడానికి తాబేలు కథ. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చిన పెద్ద తాబేలుని ఈ ఇద్దరూ తాడేసి కట్టి, పెంచుకుంటామని కూచున్నారు. పోలమ్మ వచ్చి "ఒగ్గీండి దాన్ని" అని అరిచింది. దానేసు ఏడ్చాడు. రత్నమే ముడి విప్పింది.

"రెండూ ఒకేలా మొదలవుతున్నాయి" అని హైమ మేడం అభ్యంతరం చెప్పింది. "రెండింట్లోనూ ముందు ఇసుకలో పరుగు, చేతిలో తడి తాడు. వేరే జ్ఞాపకం ఎంచుకోండి."

"మా బతుకులో ఏదైనా ఇసకలోనే మొదలవుద్ది మేడం" అన్నాడు దానేసు. "మొత్తం సెప్తాం కదా. సగంలో ఎందుకాపుతాం?"

వాళ్ల నాన్న ఎల్లాజీ, రాళ్లకి చిక్కుకున్న వలలు విడిపించడానికి నీళ్లలో దిగేవాడు. నడుముకి తాడు, పైన పడవలో ఆ తాడు పట్టుకుని ఒక మనిషి. ఆయన పిల్లలకి ఆస్తి ఏమీ ఇవ్వలేదు గానీ ఒక నియమం ఇచ్చాడు. కిందున్నోడు చెప్పకుండా పైనున్నోడు తాడు లాగకూడదు, వదలకూడదు. కిందున్నవాడు వల కంతలో దూరి ఉన్నప్పుడు పైవాడు తొందరపడి లాగాడంటే, ఆ వలే ఉరితాడవుతుంది. మా వాడలో తాడు పట్టుకున్న మనిషిని ఎవరూ పలకరించరు. పెళ్లి పిలుపు అయినా సరే, అతను తాడు చుట్టేదాకా ఒడ్డున నిలబడతారు.

కేంద్రంలో ఒక లోతు తొట్టి ఉండేది. అందులో ముందు పరీక్షలు చేశారు. అప్పుడే కాపలా గడియారం సంగతి వచ్చింది. తొట్టి అడుగు నుంచి దానేసు 'పైకి లాగు' అని చెప్పడం మొదలుపెట్టాడు. మత్తు గాలి పీలుస్తున్నాడు కాబట్టి నెమ్మదిగా చెబుతున్నాడు. అతను ఉప్పుటేరులో మునగడం దాకా చెప్పాడో లేదో గడియారం గొళ్లెం తీసేసింది. రత్నానికి సగమే అందింది. తల మీద నీళ్లు మూసుకోవడం వచ్చింది, అమ్మమ్మ తాడు రాలేదు. పొడి కుర్చీ మీద కూచున్న మనిషి నీళ్లు మింగినట్టు ఉక్కిరిబిక్కిరై కింద పడింది. తరవాత రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

దానేసుకి కోపం రావడం నేను చూసింది అప్పుడే. "తాడు పట్టుకున్నోలికి సగం మాట సెప్పకూడదు మేడం. మా నాన్న సెప్పినాడు, అది పాపం. మీ గడియారం తీసీండి."

"వ్యవధి పెంచుతాను. ఇంకాస్త సమయం ఇస్తాను."

"ఎంత పెంచినా ఎప్పుడో ఒకప్పుడు సగంలోనే తెగ్గోస్తాది" అంది రత్నం. "ఆడు సెప్పేదాకా నాను ఆగుతాను. ఆగడం నాకొచ్చు."

తియ్యకపోతే మానేస్తామన్నారు. అలాంటి జంట మళ్లీ దొరకదు. హైమ మేడం కొన్నాళ్లు తటపటాయించి గడియారం తీసేసింది. ఆ తరవాత పరీక్షలన్నీ ఒక్క పొరపాటు లేకుండా సాగాయి. కేంద్రంలో లడ్డూలు పంచారు. నేను తిన్నాను. తిన్నాను గానీ, ఇంజను వేడెక్కితే ఆపే మీట పీకేసిన బండి ఎక్కినట్టే అనిపించింది. ఇంటికొచ్చాక రత్నంతో ఆ మాటే అన్నాను.

"తాడు పట్టుకున్నది నాను. నువ్వు నీ ఇంజను సూసుకో బావా" అంది నవ్వుతూ.

నిజమే, నా పని ఇంజనే. కేంద్రం వాళ్ల పడవకి నన్నే మెకానిక్‌గా పెట్టుకున్నారు. వానలు వెనకబట్టాక సముద్రంలో పని మొదలైంది. రత్నం పడవ అంచున పీట వేసుకుని తాడు రెండు చేతులా పట్టుకునేది. తాడు లోపల కబురు మోసే తీగ ఉంది, పట్టుకోవాల్సిన పని లేదు, కట్టేస్తే చాలు. అయినా పట్టుకునేది. ఒక్కోసారి ఉన్నట్టుండి పకపకా నవ్వేది. అడుగు నుంచి తమ్ముడు ఏదో పంపాడన్నమాట. ఇంటి దగ్గర కూడా ఇద్దరూ మాటలు తగ్గించేశారు. పక్కపక్కన కూచుని భోంచేసేవారు, ఒకరికి కావలసింది ఇంకొకరు అందించేవారు. నాకు కొంచెం ఉడుకుమోత్తనం ఉండేది. మా పాప కావేరికి మేనమామ అంటే ప్రాణం, అది కూడా వాడి పక్షమే.

ఆ రోజు సముద్రం తేటగా ఉంది. ఎక్కడో తెగిపోయి కొట్టుకొచ్చిన పాత వల ఒకటి గొట్టం మీద పడి ఉన్నట్టుంది, అది ఎవరికీ కనపడలేదు. దానేసు పని ముగించి లేస్తుండగా అది పట్టుకుంది. ఇదంతా తరవాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, రత్నం తల ఎత్తి, "ఆడు సెప్తన్నాడు" అంది.

మేం ఎదురుచూశాం.

"ఏమంటున్నాడు?" అంది హైమ మేడం తెర ముందు నుంచి.

"గొళ్లెమేసుకున్నాడు. సెప్తన్నాడింకా."

తెర మీద అతని ఊపిరి గీత నిటారుగా లేచింది, తరవాత చిన్నదైంది. హైమ మేడం "లాగండి" అంది. రత్నం కదల్లేదు. "లాగు రత్నం" అని మేడం అరిచింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"అవ్వలేదు మేడం. సెప్పడం అవ్వలేదు. వల్లో ఉన్నాడేమో, ఇప్పుడు లాగితే బిగిసిపోతాది."

ఆమె చేతులు తాడు మీద ఎంత బిగిసి ఉన్నాయంటే వేళ్లు తెల్లబడ్డాయి. నేను ఇంజను వదిలి వచ్చి ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పాను. తాడు మరకి తగిలించి లాగించాను. దానేసు వలతో సహా పైకొచ్చాడు. అప్పటికే అయిపోయింది. వల అతని నడుముకీ చేతులకీ చుట్టుకుని ఉంది, మెడకి లేదు. ముందే లాగి ఉంటే బతికేవాడు. ఆ మాట పడవ మీద ఎవరం అనలేదు.

ఒడ్డుకి చేరాక మా అత్త ఇసుకలో పడి దొర్లి ఏడ్చింది. రత్నం నిలబడే ఉంది. శవం మొహంలోకి వంగి చాలాసేపు చూసి, నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఇతనేటి బావా మా దానేసు?"

అవునన్నాను.

"మీరందరూ అంటే నమ్ముతాను. నాకైతే తెల్డం నేదు."

గది మూసుకుపోయింది. లోపలివాడు గొళ్లెం తియ్యకుండా పోయాడు. ఆ గదిలో ఉన్నవన్నీ రత్నం జ్ఞాపకాలే, కానీ ఆమెకే అందవు. చిన్నతనమంతా తమ్ముడితోనే గడిచింది కాబట్టి చిన్నతనమంతా లోపలే ఉండిపోయింది. అమ్మమ్మ పోయింది, నాన్న పోయాడు, బడి పోయింది, వయసులో ఉన్న తల్లి మొహం పోయింది. మా పెళ్లి కూడా పోయింది, పెళ్లిలో వాడున్నాడు కదా. నేను మిగిలాను, నా పెళ్లి మిగల్లేదు. కావేరి పుట్టిన రోజు మాత్రం రత్నానికి పూసగుచ్చినట్టు గుర్తుంది. ఆ రోజు దానేసు వేటకి వెళ్లి సముద్రం మీద ఉన్నాడు.

అయినా తలుపు అక్కడున్నట్టు ఆమెకి తెలుసు. తమ్ముణ్ని గుర్తుపట్టలేదు గానీ తలుపు అవతల ఎవరో ఉన్నారని తెలుసు. "సెప్తన్నాడు బావా. అవ్వలేదింకా" అనేది. అని ఏడ్చేది. ఎవరి కోసం ఏడుస్తున్నావంటే చెప్పలేకపోయేది.

తరవాత ఆగిపోవడం మొదలైంది. గరిట పట్టుకుని పొయ్యి ముందు నిలబడి అలాగే ఉండిపోయేది. జడ వేస్తూ వేస్తూ కావేరి జుట్టు పట్టుకుని ఆగిపోయేది. పిలిస్తే పలికేది కాదు, కాసేపటికి ఏమీ జరగనట్టు మిగతా జడ అల్లేది. హైమ మేడం దగ్గరికి తీసుకెళ్తే ఆవిడకి చూడగానే తెలిసిపోయింది. రత్నం బుర్ర, గొళ్లెం తీశారేమోనని తలుపు దగ్గరికి వెళ్లి చూసి వస్తోందట. చూసి వచ్చేదాకా మిగతా పనులన్నీ ఆగుతాయి. తియ్యలేదు కాబట్టి మళ్లీ వెళ్లి చూస్తుంది. రోజురోజుకీ ఎక్కువసార్లు చూస్తుంది.

"ఎన్నాళ్లిలా?" అని అడిగాను.

"చివరికి చూడటం ఒక్కటే మిగులుతుంది" అంది ఆవిడ. "అన్నం మింగడం, ఊపిరి తీసుకోవడం కూడా వంతు కోసం ఆగాలి. మళ్లీ వానలొచ్చేసరికి..." అని తెర ఆపేసింది.

ఆ వారంలోనే సంతలో కావేరి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతూ రత్నం నడిమధ్యలో ఆగిపోయింది. లారీవాడు ఎలా ఆపాడో వాడికే తెలియాలి. పాప తల్లి చెయ్యి విడిపించుకోలేక గుంజుకుంటూ అరుస్తోందట. మా అత్త బేరం వదిలేసి పరుగెత్తుకెళ్లి ఇద్దర్నీ ఈడ్చుకొచ్చింది.

మర్నాడు మా అత్తా నేనూ కొండెక్కాం.

"మా వాడలో నీళ్లగదిలో ఎవలైనా పడిపోతే తలుపు బద్దలుగొడతాం" అంది మా అత్త. "మీరూ కొట్టండి."

"కొట్టొచ్చమ్మా. కానీ ఆ గది గోడలు కూడా జ్ఞాపకాలతోనే కట్టాం. తలుపు కొడితే గది ఉండదు. లోపల ఉన్నదేదీ ఇక ఎప్పటికీ రాదు. ఇంకొకటి, రత్నం తలుపు దగ్గర నిలబడి ఉండగా కొడితే ఆమె మిగతా తల కూడా దెబ్బతింటుంది. ఆమె అంతట ఆమె ఒప్పుకుని, తాడు వదిలేసి పక్కకి రావాలి."

మా అత్త లేచి, కింద సముద్రం కనపడే కిటికీ దగ్గరికి వెళ్లింది. "ఇప్పుడు నా కొడుకు సిన్నప్పుడెలగుండేవోడో నాకూ, ఆ గదికీ తెలుసు. నాను పోతే గదికే తెలుసు" అంది. మా వైపు తిరిగి, "నా కూతురు గుంట బతకాల. కొట్టీండి" అంది.

కానీ రత్నం ఒప్పుకోలేదు. ఆగిపోవడాల మధ్య దొరికిన కాస్త తెలివిలో, స్పష్టంగా చెప్పింది. "ఆడు సెప్పకుండా నాను ఒగ్గను."

నేను బతిమాలాను. కావేరిని చూపించాను. ఆమె పాపని ఒళ్లో కూచోబెట్టుకుని ఏడ్చింది గానీ మాట మార్చలేదు. ఎల్లాజీ నియమం ఎవరు చెప్పారో ఆమెకి గుర్తులేదు. నియమం మాత్రం చేతుల్లో ఉండిపోయింది.

నేను ఒక్కణ్నే హైమ మేడం దగ్గరికి వెళ్లాను. లోపల వాడు ఏం రాశాడో బయటి నుంచి చూసే వీలుందా అని అడిగాను. ఉందంది. అప్పటికే చూసిందని ఆవిడ మొహమే చెప్పింది.

"సగమే ఉంది" అంది. "ఇసుక. పరుగు. చేతిలో తడి తాడు. అక్కడితో ఆగిపోయింది."

రెండు కథలకీ అదే మొదలు. లాగు అనబోయాడో, ఒగ్గీ అనబోయాడో తెలియదన్నమాట. ఎప్పటికీ తెలియదు.

"ఆ గడియారం ఉంచి ఉంటే?"

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సగం మాట అందేది. అతను చెప్పడం ముగించలేకపోయాడని తెలిసేది, రత్నం వెంటనే లాగేసేది" అంది.

ఆవిణ్ని తిట్టాలనే వెళ్లాను. తిట్టలేకపోయాను. తియ్యమన్నది మావాళ్లు, తీసింది ఆవిడ, లడ్డూ తిన్నది నేను.

ఇంటికొచ్చేసరికి రత్నం గుమ్మంలో కూచుని ఉంది. మా అత్త లోపల బియ్యం చెరుగుతోంది. రత్నం తెలివిలోకి వచ్చేదాకా ఆగి, ఎదురుగా కూచున్నాను.

"మేడం లోపల సూసింది" అన్నాను. "మొత్తం ఉన్నాదంట. దానేసు సెప్పీసినాడు. గొళ్లెం తియ్యడమే మర్చిపోనాడు."

"ఏటి సెప్పినాడు?"

"ఒగ్గీమన్నాడు."

ఆమె నా మొహంలోకి చూసింది. పెళ్లైనప్పటి నుంచీ నేను అబద్ధమాడితే ఇట్టే పట్టేసే మనిషి. కానీ ఆ పట్టేసిన రోజులన్నీ కూడా ఎక్కడో లోపల ఉండిపోయాయేమో.

"ఏ కతతో సెప్పినాడు?"

"తాబేలుతో."

"తాబేలేటి?"

నేను ఆమె చేతుల వైపు చూశాను. ఆమె గుప్పిళ్లు విప్పి అరచేతులు చూసుకుంది. "అలగైతే ఒగ్గీసినట్టే. ఆడు సెప్పినాక ఇంకేటుంది" అంది.

లోపల చేట చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మా అత్త నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఆడు నిజింగా ఒగ్గీమన్నాడా?"

"అవునత్తా."

"ఆ తాబేలంటే ఆడికి ఏడుపురా. ఎదిగినాక కూడా ఎవలైనా ఆ మాటెత్తితే లేసెల్లిపోయేవోడు. సచ్చేముందు దాన్నెందుకు తలుసుకుంటాడు?" అంది. నేను తల వంచుకున్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యేసింది. "నువ్వు సెప్పిందే మాట. మరింకెవల్తోనూ ఏటీ అనకు."

రెండు రోజుల తరవాత కేంద్రంలో ఆ పని చేశారు. కోత కూడా లేదు. రత్నం కళ్లు మూసుకుని పడుకుంది, హైమ మేడం ఒక మీట నొక్కింది, అంతే. లేచాక రత్నానికి ఆకలేసింది. ఇడ్లీలు తెప్పిస్తే ఇష్టంగా తింది. తలుపు మాట గానీ, అవతల ఎవరో ఉన్నారన్న మాట గానీ ఆమె ఎత్తలేదు. ఏడుపు కూడా గదితో పాటే పోయింది.

ఇప్పుడు ఆమె ఎక్కడా ఆగిపోదు. వంట చేస్తుంది, కావేరిని బడికి తీసుకెళ్తుంది, నన్ను ఎప్పటిలాగే వెక్కిరిస్తుంది. గోడ మీద దానేసు ఫొటోకి దండ మారుస్తుంది, తమ్ముడని మేం చెప్పాం కాబట్టి. ఆ మారుస్తున్నప్పుడు ఆమె మొహం చూడలేక నేను బయటికి పోతాను. నేను ఆమెని బతికించుకున్నాను. ఎవరైనా అడిగితే అదే చెబుతాను. కానీ వాడు లాగమన్నాడేమో అన్న ఆలోచన వచ్చినప్పుడు అన్నం సయించదు.

మా అత్త రోజూ బేరమయ్యాక మా ఇంటికి వస్తుంది. తల్లి అని చెప్పాం కాబట్టి రత్నం ఆవిణ్ని బాగా చూసుకుంటుంది. పీట వేస్తుంది, మంచినీళ్లిస్తుంది, టీ పెడుతుంది. కొత్త చుట్టాన్ని చూసుకున్నట్టు, ఏ లోటూ రానివ్వకుండా చూసుకుంటుంది. పోలమ్మ ఆ మర్యాదని నోరు మూసుకుని భరిస్తుంది. చిన్నప్పుడు తను చీపురు తిరగేసి కొట్టిన కూతురు ఇప్పుడు ఆవిడ ముందు కాళ్లు జాపుకుని కూడా కూచోదు.

నిన్న ఇద్దరూ వాకిట్లో కూచుని ఎండు నెత్తళ్ల చేపలు ఏరుతున్నారు. నేను గుమ్మం దగ్గర ఒక మోటారు విప్పి పెట్టుకున్నాను. ఏం తోచిందో, మా అత్త తాబేలు కథ ఎత్తుకుంది. ఎవరి కథో చెప్పలేదు. ఒక అక్క, ఒక తమ్ముడు, ఇసుకలో పరుగు, తడి తాడు, పెద్ద తాబేలు. పెంచుకుంటామని మొండికేయడం, తల్లి వచ్చి ఒగ్గీండి అని అరవడం, అక్క ముడి విప్పడం. తాబేలు వెనక్కి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోవడం. తమ్ముడు అక్కడే కూచుని పొద్దు గుంకేదాకా ఏడవడం.

రత్నం చేతిలో పని ఆపకుండానే ఆసక్తిగా వింది.

"మంచి పని సేసింది ఆ గుంట, ఒగ్గీసింది" అంది. తరవాత చేపలు చేటలో ఒక పక్కకి జరుపుతూ, "ఆ తమ్ముడు గుంటడు ఏడుపు మానేసినాడా?" అని అడిగింది.

మా అత్త నా వైపు చూసింది. నా చేతిలో స్పానరు అలాగే ఉంది.

"మానేసినాడమ్మా" అంది పోలమ్మ. "ఆళ్లక్క ఎత్తుకుని ఇంటికి తెచ్చీసింది."

రత్నం తలాడించి, ఏరిన చేపలు డబ్బాలో పోసి మూత పెట్టింది.